కింద పడేవాడి సినిమా: నెల్లూరు టౌన్‌హాల్లో మాట్లాడింది

అందరికీ నమస్కారం. ముందు వరసలో మా కరాటే పిలకాయలు కూర్చోనుండారు, వెనక సినిమా పిచ్చి ఉండే పెద్దోళ్ళు ఉండారు, ఇద్దరికీ పనికొచ్చేట్టు మాట్లాడాలి. కుంగ్‌ఫూ సినిమాలు యాడ పుట్టినాయి, ప్రపంచమంతా ఎట్టా పాకినాయి, ఇదీ నాకిచ్చిన సబ్జెక్టు. దీని మీద ఎవరు మాట్లాడినా బ్రూస్‌లీతో మొదలెట్టి జాకీచాన్‌ దాకా వచ్చి ఆపుతారు. నేను ఇంకో వైపు నుంచి వస్తా. కొట్టేవాడి గురించి కాదు, దెబ్బ తిని కింద పడేవాడి గురించి. ఈ సినిమాని దేశదేశాలు మోసుకెళ్ళింది వాళ్ళేనని నా గట్టి నమ్మకం, అది చెప్పడానికే ఒప్పుకున్నా ఈ మీటింగుకి.

సినిమాలో గుద్దు తగలదు, అది మీ అందరికీ తెలుసు. కెమెరా ఒక పక్క నుంచి చూస్తా ఉంటది, గుద్దు దవడకి జానెడు దూరంలో పోతది, కెమెరా కంటికి మాత్రం తగిలినట్టే ఉంటది. అయితే అది తగిలిందని మనల్ని నమ్మించేది ఎవరు? గుద్దినోడు కాదు. మెడ తిప్పినోడు. వాడు కొంచెం ముందు తిప్పితే నవ్వొస్తది, కొంచెం లేటయితే ఇంకా నవ్వొస్తది, సరిగ్గా ఆ క్షణానికి మెడ తిరిగి, భుజం తిరిగి, నడుం తిరిగి, కాళ్ళు గాల్లోకి లేచి వీపు మీద పడ్డాడనుకో, హాల్లో కూర్చున్నోడు అమ్మా అని దవడ పట్టుకుంటాడు. దీన్నే ఫైట్ మాస్టర్లు రియాక్షన్ అంటారు. రియాక్షన్ సరిగా లేకపోతే ఎంత పెద్ద హీరో అయినా గాల్లో చేతులూపుతున్నట్టే ఉంటది.

సరే, చరిత్రలోకి పోదాం. 1928లో షాంఘైలో మింగ్‌షింగ్ అనే కంపెనీ వాళ్ళు ఎర్రతామర గుడి తగలబడే కథ ఒకటి మూకీగా తీసినారు. కత్తి వీరులు గాల్లో ఎగరడాలు, అరచేతుల్లో నుంచి మెరుపులు రావడాలు, ఇట్టాంటియ్యే. జనం ఎగబడి చూశారు, కంపెనీ వాళ్ళు మూడేళ్ళు భాగం మీద భాగం తీస్తానే పోయినారు, మిగతా కంపెనీలు కూడా అదే దారి పట్టినాయి. చివరికి 1931లో అక్కడి ప్రభుత్వం ఇవి మూఢనమ్మకాలు పెంచుతున్నాయని నిషేధం పెట్టేసింది. దాంతో, తర్వాత వచ్చిన యుద్ధాలతో ఈ సినిమా మెల్లగా హాంకాంగ్ చేరింది.

హాంకాంగ్‌లో 1949 నుంచి వాంగ్ ఫేహుంగ్ సినిమాలు మొదలైనాయి. ఈయన నిజంగా బతికిన మనిషి, 1847లో పుట్టి 1925లో పోయినాడు, ఫోషాన్ ఊర్లో వైద్యం చేసేవాడు, విద్య నేర్పేవాడు. ఆ వేషం క్వాన్ తక్‌హింగ్ అనే నటుడు డెబ్బైకి పైగా సినిమాల్లో వేసినాడు. మనకి రాముడన్నా కృష్ణుడన్నా ఎన్టీఆర్ గారు ఎట్టా గుర్తొస్తారో వాళ్ళకి వాంగ్ ఫేహుంగ్ అంటే ఆయన. మరి ఆ సినిమాల్లో ఆయన చేతిలో ఓడిపోయేవాడు ఎవరు? షీ కీన్ అని ఒక నటుడు. సినిమా తర్వాత సినిమా, ఏళ్ళ తరబడి, విలన్‌గా వచ్చేది, చివర్లో ఓడేది. 1973లో ఎంటర్ ది డ్రాగన్‌లో అద్దాల గదిలో బ్రూస్‌లీతో తలపడే, ఒక చెయ్యి లేని ఆ విలన్ ఉండాడే, ఆయనే ఈ షీ కీన్. అంతకాలం ఓడిపోతా వచ్చిన మనిషి ఆ పాత్రతో లోకమంతా తెలిసిపోయినాడు. నాకు ఈ సంగతి తల్చుకుంటే ఎంత సంతోషంగా ఉంటదో చెప్పలేను.

ఇక్కడ ఇంకో దారం కూడా ఉండాది. వాంగ్ ఫేహుంగ్ శిష్యుడు లామ్ సైవింగ్, ఆయన శిష్యుడు లౌ చామ్, లౌ చామ్ కొడుకు లౌ కార్‌లియుంగ్. ఈ లౌ కార్‌లియుంగ్ షా బ్రదర్స్ కంపెనీలో ఫైట్ మాస్టర్‌గా చేసి తర్వాత డైరెక్టర్ అయినాడు, 1978లో 36 ఛాంబర్ ఆఫ్ షావోలిన్ తీసినాడు. అంటే తెర మీద మనం చూసే ఆ పట్టు, ఆ అడుగు, గురువు నుంచి శిష్యుడికి చేతులు మారుతా వచ్చింది. ఆ సినిమాలో సగానికి పైగా ట్రైనింగే, ఫైట్లు కాదు. మా పిలకాయలు ఆ ట్రైనింగ్ చూసి వచ్చిన మరుసటి రోజు నేను చెప్పకుండానే ఇంకో రౌండ్ ఎక్కువ చేస్తారు.

షా బ్రదర్స్ గురించి గబగబా చెప్పేస్తా. రన్‌రన్ షా గారు క్లియర్‌వాటర్ బే కాడ 1961లో పెద్ద స్టూడియో తెరిచినారు, సెట్లు, హాస్టళ్ళు, ల్యాబు అన్నీ లోపలే. 1966లో కింగ్ హూ అనే డైరెక్టర్ కమ్ డ్రింక్ విత్ మీ అనే సినిమా తీసినాడు. 1967లో చాంగ్ చే తీసిన వన్ ఆర్మ్‌డ్ స్వార్డ్స్‌మన్ హాంకాంగ్‌లోనే పది లక్షల డాలర్లు దాటింది, అక్కడి డాలర్లు లెండి. 1970లో షా కంపెనీలోనే పనిచేసిన రేమండ్ చౌ బయటికొచ్చి గోల్డెన్ హార్వెస్ట్ అనే సొంత కంపెనీ పెట్టినాడు, బ్రూస్‌లీని పట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు మనుషుల దగ్గరికి వద్దాం. కౌలూన్‌లో యూ జిమ్‌యువెన్ అనే గురువు గారు పెకింగ్ ఒపేరా నేర్పే స్కూల్ ఒకటి నడిపేవారు. పెకింగ్ ఒపేరా అంటే పాట, నటన, పిల్లిమొగ్గలు, కత్తి, కర్ర, అన్నీ కలిసిన స్టేజి నాటకం. బీదాళ్ళు, వేరే దేశం పోయేవాళ్ళు పిల్లల్ని తీసకొచ్చి అక్కడ ఏళ్ళకి ఏళ్ళు కాంట్రాక్టు రాసిచ్చి వదిలేసి పోయేవాళ్ళు. జాకీచాన్ వాళ్ళ నాయన ఆస్ట్రేలియాలో అమెరికా ఎంబసీలో వంటమనిషిగా పోతా కొడుకుని అక్కడ వదిలినాడు, పదేళ్ళ కాంట్రాక్టు. తెల్లారకముందే లేవాలి, గంటల తరబడి తలకిందులుగా చేతుల మీద నిలబడాలి, పొరపాటు చేస్తే బెత్తం దెబ్బలు. నేను పిలకాయలకు నేర్పేవాణ్ణి, బెత్తంతో నేర్పడం తప్పు అని ఈ మైకులో గట్టిగా చెప్తుండా, ఎంత గొప్పోళ్ళు అక్కడ నుంచి వచ్చినా సరే అది తప్పే. కానీ ఆ బ్యాచ్‌లో ఎవరెవరు ఉండారో చూడండి: శామో హుంగ్, జాకీచాన్, యువెన్ బియావ్, యువెన్ వా, కోరీ యువెన్.

వీళ్ళు పెద్దయ్యే టయానికి ఒపేరా చూసే జనం తగ్గిపోయినారు. స్టేజి లేదు, చేతిలో ఉన్నదల్లా ఎగరడం, పడటం. ఆ పనికి కూలి ఇచ్చేది ఒక్క సినిమానే. అందరూ పోయి స్టంట్‌మెన్‌గా చేరినారు. ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీలో చివర్న బ్రూస్‌లీ తంతే విలన్ గోడ పగలగొట్టుకుని బయటికి ఎగిరి పడతాడే, ఆ పడింది విలన్ కాదు, డూప్‌గా జాకీచాన్. ఎంటర్ ది డ్రాగన్‌లో మొట్టమొదటి ఫైట్‌లో బ్రూస్‌లీతో తలపడే లావుపాటాయన శామో హుంగ్. భూగర్భంలో వచ్చే ఫైట్‌లో మెడ విరగ్గొట్టించుకునే కుర్రోడు మళ్ళీ జాకీచానే. ఇంక బ్రూస్‌లీ పిల్లిమొగ్గ వేస్తాడు కదా, ఆ గెంతులు వేసింది యువెన్ వా. ఒక్క సినిమాలో ఎవరికీ తెలియని ముఖాలుగా ఇంతమంది ఉండారు, తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో జెండా ఎగరేసినారు.

బ్రూస్‌లీని తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. మా క్లాసులో గోడ మీద ఉండే ఒకే ఒక్క ఫోటో ఆయనది. 1940లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టి, హాంకాంగ్‌లో పెరిగి, ఇప్ మాన్ అనే గురువు దగ్గర వింగ్ చున్ అనే రకం కుంగ్‌ఫూ నేర్చి, మళ్ళా అమెరికా పోయి, అక్కడ టీవీలో గ్రీన్ హార్నెట్‌లో హీరో పక్కన కేటో వేషంలో చేసి, హాలీవుడ్‌లో హీరో వేషం దొరక్క తిరిగొచ్చి 1971లో బిగ్ బాస్ చేసినాడు, థాయ్‌లాండ్ పల్లెలో తీసిన చిన్న సినిమా. 1972లో రెండు, 1973లో ఎంటర్ ది డ్రాగన్. జులై 20న చనిపోయినాడు, ముప్పై రెండేళ్ళకే, అమెరికాలో ఆ సినిమా రిలీజ్ అయింది తర్వాతి నెలలో. తన సినిమా ప్రపంచాన్ని ఏం చేసిందో ఆయన చూసుకోలేదు.

అమెరికాలో ఈ సినిమాలు ఎవరు ఆడించినారంటే, ఎవరూ మర్యాదగా చూడని హాళ్ళ వాళ్ళు. పెద్ద నగరాల నడిబొడ్డులో ఉండే పాత థియేటర్లు, టికెట్ తక్కువ, వచ్చేది ఎక్కువగా నల్లజాతి కుర్రోళ్ళు, ప్యూర్టోరికో నుంచి వచ్చి స్థిరపడిన కుర్రోళ్ళు. 1973 వేసవి ముందర షా బ్రదర్స్ సినిమా ఒకటి వార్నర్ వాళ్ళు ఫైవ్ ఫింగర్స్ ఆఫ్ డెత్ అని పేరు పెట్టి వదిలినారు, ఆ మే నెలలో ఒక వారం అమెరికా కలెక్షన్లలో మొదటి మూడు స్థానాలూ హాంకాంగ్ సినిమాలవే. పెదాలకీ డైలాగుకీ సంబంధం లేని డబ్బింగ్, గీతలు పడిన ప్రింట్లు, అయినా చూసినారు. ఎందుకు? తెల్లోడు కానివాడు హీరో, వాడి దగ్గర తుపాకీ లేదు, డబ్బు లేదు, ఉన్నదల్లా వాడి ఒళ్ళు, దాని మీద వాడు పెట్టిన కష్టం. న్యూయార్క్‌లో ఆ హాళ్ళలో, తర్వాత టీవీలో ఇవి చూసి పెరిగిన పిల్లలే 1993లో వూ టాంగ్ క్లాన్ అని పేరు పెట్టుకుని మొదటి ర్యాప్ ఆల్బమ్ తెచ్చినారు, అందులో ఆ సినిమాల డైలాగులు ముక్కలు ముక్కలుగా వినపడతాయి.

బోస్నియా అని ఒక దేశం, అక్కడ మోస్టార్ ఊరు. తొంభైల్లో యుద్ధంలో ఊరు రెండు ముక్కలైంది, క్రొయేషియన్లు ఒక పక్క, ముస్లింలు ఒక పక్క. యుద్ధం అయినాక ఎవరి విగ్రహం పెట్టినా ఇంకోళ్ళకి కోపం. 2005 నవంబర్లో ఆ ఊరి కుర్రోళ్ళు బ్రూస్‌లీ విగ్రహం పెట్టినారు, అందరూ ఒప్పుకునే మనిషి ఆయనొక్కడే దొరికినాడు. హాంకాంగ్‌లో ఆయన విగ్రహం పెట్టింది ఆ మరుసటి రోజు. సొంతూరు కంటే ముందు మోస్టార్. మన జిల్లాలో సెంటర్ సెంటర్‌కీ విగ్రహాలుండాయి, ఇట్టాంటి కారణంతో పెట్టిన విగ్రహం ఒకటుంటే ఎంత బాగుండేది.

ఉగాండాలో కంపాలా పక్కన వకలిగా అని బీదోళ్ళ పేట. అక్కడ ఐజాక్ నబ్వానా అనే ఆయన చుట్టుపక్కల కుర్రోళ్ళతో, చేతికి దొరికిన ఇనుప సామానుతో తుపాకులు చేసుకుని, పాత కంప్యూటర్‌లో ఎడిటింగ్ చేసి 2010లో హూ కిల్డ్ కెప్టెన్ అలెక్స్ తీసినాడు. అందులో ఆ కుర్రోళ్ళు కుంగ్‌ఫూ చేస్తారు. గురువు లేడు, స్కూల్ లేదు, సినిమాలు చూసి చూసి నేర్చుకున్న విద్య. ఇండోనేషియాలో ఇకో ఉవాయిస్ ఒక టెలిఫోన్ కంపెనీలో డ్రైవర్, వాళ్ళ ఊరి విద్య సిలాట్ నేర్చుకున్నాడు, గారెత్ ఇవాన్స్ అనే వేల్స్ దేశపు ఆయన ఆ విద్య మీద డాక్యుమెంటరీ తీయడానికి వచ్చి ఇతన్ని చూసి 2011 నాటికి ద రెయిడ్ దాకా వచ్చినారు. థాయ్‌లాండ్‌లో 2003లో టోనీ జా హీరోగా ఓంగ్ బాక్ అనే సినిమా, రోపు, అంటే ఒంటికి కట్టి గాల్లోకి లాగే తాడు లేదు, డూప్ లేదు అని చెప్పి మరీ వదిలినారు. ఎవరి ఊరి విద్యని వాళ్ళు బయటికి తీసినారు, కానీ సినిమా ఎట్టా తీయాలో మాత్రం హాంకాంగ్ నుంచి నేర్చుకున్నారు.

ఆ తీయడం ఎట్టాగంటే, దీన్ని కొంచెం నిదానంగా చెప్పాలి. జాకీచాన్ ఫైట్ ఏదైనా తీసుకుని సౌండ్ తీసేసి చూడండి. మనిషి పాదం నుంచి తల దాకా ఫ్రేమ్‌లో ఉంటాడు. ఇద్దరూ ఒక క్షణం కదలకుండా ఆగుతారు. తర్వాత టకటకటకా నాలుగైదు దెబ్బలు. మళ్ళా ఆగుతారు. ఆగినప్పుడే మన కన్ను ఎవడు యాడ ఉన్నాడో పట్టుకుంటది. మన పల్లెల్లో చెక్కభజన చూసినోళ్ళకి ఇది కొత్త కాదు, గురువు ఒక్కసారి ఆపి చెక్కలు పైకెత్తి నిలబెడతాడు, మళ్ళా అందుకున్నాడంటే అందరి అడుగూ ఒక్కటే. ఒపేరాలో ఆ పని తాళాలు, డప్పులు చేసేవి, ఆ పిల్లల ఒళ్ళులో ఆ లెక్క ఉండిపోయింది. తర్వాత గట్టి దెబ్బ వచ్చేసరికి వాళ్ళు ఒక పని చేస్తారు, దూరం నుంచి దెబ్బ తగిలినట్టు చూపించి, వెంటనే దగ్గర నుంచి అదే దెబ్బని కొన్ని ఫ్రేములు వెనక్కి పోయి మళ్ళీ చూపిస్తారు. అంటే ఒకే దెబ్బ కొంచెం రెండుసార్లు. చూసేవాడికి తెలియదు, గట్టిగా తగిలిందనిపిస్తది అంతే.

ఇప్పుడు చాలా సినిమాల్లో దీనికి ఎదురు జరగతా ఉంది. దెబ్బ సగంలో కట్, ముఖం మీద కట్, కెమెరా ఊపుడు, ఏం జరిగిందో అర్థమయ్యేలోపు పదిమంది గాల్లో ఉంటారు. 1999లో మ్యాట్రిక్స్ వచ్చినప్పుడు దాని ఫైట్లు చేసింది యువెన్ వూపింగ్, జాకీచాన్‌తో 1978లో డ్రంకెన్ మాస్టర్ తీసిన డైరెక్టరే, ఆ సినిమాలో ముసలి గురువు వేషం వేసింది ఆయన సొంత నాయనే. మ్యాట్రిక్స్ హీరోలకి షూటింగ్‌కి ముందు నెలల తరబడి ట్రైనింగ్ ఇప్పించినాడు, ఆ తర్వాతే రోపు కట్టినాడు. తర్వాతి ఏడాది క్రౌచింగ్ టైగర్ చేసినాడు, దానికి నాలుగు ఆస్కార్లు వచ్చినాయి. మన దగ్గర ట్రైనింగ్ తక్కువై రోపు ఎక్కువైంది. హీరో తాకకముందే మనిషి సుమో బండి మీద పడితే, వాడు ఎందుకు పడ్డాడో ఆ పడేవాడికే తెలియదు, ఇంక మనకేం తెలుస్తది. ఇది నాకు బాధ.

అట్టాగని మన వాళ్ళు తక్కువోళ్ళు కాదు. విఠలాచార్య గారి జానపదాల్లో కాంతారావు గారి కత్తి యుద్ధాలు మా పెద్దోళ్ళు ఇప్పటికీ చెప్తారు, ఆయన పేరే కత్తి కాంతారావు అయిపోయింది. సుమన్ గారు, భానుచందర్ గారు కరాటే నేర్చుకుని వచ్చినవాళ్ళు, ఎనభైల్లో వాళ్ళని చూసి కరాటే క్లాసులో చేరిన కుర్రోళ్ళు ఈ హాల్లోనే ఉంటారు, చెయ్యెత్తండి. చూసినారా. తర్వాత పవన్ కల్యాణ్ గారి తమ్ముడు సినిమా, 1999లో, కిక్‌బాక్సింగ్ కథ. ఇంక ఇక్కడ నుంచి ఒంగోలు దాటి పోతే చీరాల పక్కన కారంచేడు, నిన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లానే, ఇప్పుడు బాపట్లలో కలిసింది. ఆ ఊరి కవల పిల్లలే రామ్ లక్ష్మణ్ మాస్టర్లు. పల్లెటూరి నుంచి పోయి, ఫైటర్లుగా చేరి, పడి లేచి, మాస్టర్లయినారు. కౌలూన్ స్కూల్ పిల్లల కథకీ వీళ్ళ కథకీ నాకు పెద్ద తేడా కనపడదు.

గుర్తింపు మాటకొస్తే, మన నేషనల్ అవార్డుల్లో ఫైట్లకి విడిగా అవార్డు మొదలుపెట్టింది 2016 సినిమాలకి, అది పీటర్ హెయిన్‌కి వచ్చింది. ఆర్ఆర్ఆర్‌కి కింగ్ సోలమన్ తీసుకున్నారు. ఆస్కార్ వాళ్ళు ఇన్నాళ్ళకి 2025లో ఒప్పుకున్నారు, 2027లో వచ్చే సినిమాల నుంచి స్టంట్ డిజైన్‌కి అవార్డు ఇస్తారంట. ఆ ప్రకటనతో పెట్టిన బొమ్మల్లో మన ఆర్ఆర్ఆర్ కూడా ఉంది. దాదాపు వందేళ్ళు పట్టింది వాళ్ళకి, ఇది చాలా అన్యాయం. ఈ వందేళ్ళలో నడుములు విరిగినోళ్ళు, ప్రాణాలు పోయినోళ్ళు ఎంతమందో.

ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరసలో ఒక అమ్మాయి: సార్, ఈ సినిమాల్లో ఆడపిల్లలు లేరా?)

మంచి ప్రశ్న తల్లీ. ఉండారు, మొదటి నుంచీ ఉండారు. ఇందాక చెప్పిన 1966 కమ్ డ్రింక్ విత్ మీలో హీరో ఆడపిల్లే, చెంగ్ పేపే, అప్పటికి ఇరవై ఏళ్ళు. ఆమె నేర్చుకున్నది కుంగ్‌ఫూ కాదు, బ్యాలే డాన్స్. పూటకూళ్ళ ఇంట్లో చుట్టూ దొంగలు, ఆమె ఒక్కతే బల్ల కాడ కూర్చోని ఉంటది, ఎవరికీ తొందర లేదు, ఒకడు సారా జాడీ విసిరితే ఆమె పట్టుకుంటది, ఒకడు నాణేలు విసిరితే అవి కూడా పట్టేస్తది, కత్తి తీయకముందే వాళ్ళకి భయం పట్టుకుంటది. మిషెల్ యో కూడా బ్యాలే నుంచి వచ్చినామెనే, 1992లో బైక్‌తో సహా కదిలే రైలు మీదకి దూకింది, డూప్ లేకుండా. 2023 మార్చి 12న మన నాటు నాటుకి ఆస్కార్ వచ్చిన అదే రాత్రి, అదే స్టేజి మీద ఆమెకి ఉత్తమ నటి. ఆమెకి ఆ అవార్డు తెచ్చిన ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్ సినిమాలో ఫైట్లు చేసిన అన్నదమ్ములు ఆండీ లే, బ్రయాన్ లే, హాంకాంగ్ సినిమాలు చూసి వాటిని చూసే నేర్చుకుని, యూట్యూబ్‌లో వీడియోలు పెట్టుకుంటా ఉంటే పిలిచి పనిచ్చినారు.

(వెనక నుంచి ఒకాయన: కుంగ్‌ఫూ నేర్పింది మన బోధిధర్ముడే కదా, కంచి నుంచి పోయి?)

అన్నా, ఈ ప్రశ్న వస్తదని తెలుసు, సెవెన్త్ సెన్స్ సినిమా వచ్చినప్పటి నుంచి అడగతానే ఉండారు. మన నెల్లూరు సీమ కూడా పల్లవులు ఏలిందే, భైరవకోన గుహలు చూసినోళ్ళకి వాళ్ళ మీద ప్రేమ ఉండటం సహజం. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. 547లో రాసిన చైనా పుస్తకంలో ఈ బోధిధర్ముడనే బౌద్ధ భిక్షువు పర్షియా నుంచి వచ్చినాడని ఉంది, ఇంకో పాత రాతలో దక్షిణ భారతం నుంచి అని ఉంది. ఆయన చైనాలో షావోలిన్ అనే బౌద్ధ మఠంలో వ్యాయామాలు నేర్పినాడన్న కథ మాత్రం 1624 నాటి ఒక పుస్తకం నుంచి మొదలైంది, ఆయన కాలానికి వెయ్యేళ్ళ తర్వాత. చరిత్రకారులు దాన్ని నమ్మరు. బౌద్ధం మన దేశం నుంచి పోయింది, అది నిజం, దానికి గర్వపడదాం. ఆ విద్య మాత్రం చైనా వాళ్ళ కష్టమే, వాళ్ళకే వదిలేద్దాం. మన కర్రసాము మనకుంది, దాన్ని నేర్పేవాళ్ళు తగ్గిపోతుండారు, ముందు దాని సంగతి చూసుకుందాం.

(ఇంకొకరు: పిల్లలకి ఏవి చూపించమంటారు?)

మొదట డ్రంకెన్ మాస్టర్, నవ్వుకుంటా చూస్తారు. తర్వాత 36 ఛాంబర్. కమ్ డ్రింక్ విత్ మీ కొంచెం పెద్దయినాక, దాంట్లో రక్తం ఉంది. సబ్‌టైటిల్స్ చదవలేని చిన్నోళ్ళకి పక్కన కూర్చోని కథ చెప్పండి, ఫైట్‌కి ఎట్టాగూ మాటలు అక్కర్లేదు. ద రెయిడ్ మాత్రం వద్దు, అది పెద్దోళ్ళ సినిమా. ఇంకొకటి, ఏ సినిమా అయినా చివర పేర్లు పడేటప్పుడు లేచి రాకండి, జాకీచాన్ సినిమాల్లో అయితే పేర్ల పక్కనే షూటింగ్‌లో తగిలిన దెబ్బలు, ఆస్పత్రికి మోసుకుపోయేది కూడా చూపిస్తారు. పిలకాయలకి అది తప్పకుండా చూపించండి, ఇంట్లో మంచం మీద నుంచి దూకకుండా ఉంటారు.